ఏ ఆల్బమ్‌లోనూ లేని పాట

కళ్ళజోడక్క పావు పాయింటు తేడాని కూడా సహించదు. బజారు మలుపులో ఆమె షాపు. అద్దాలు అరగదీసే మిషను, ఫ్రేములు మెత్తబరిచే వేడిగాలి పెట్టె, కనుపాపల మధ్య దూరం కొలిచే చిన్న స్కేలు, ఇవీ ఆమె పనిముట్లు. కళ్ళ డాక్టరు రాసిచ్చిన చీటీ తెచ్చినవాళ్ళని కూడా కుర్చీలో కూలేసి, గోడమీది అక్షరాలు ఇంకోసారి చదివిస్తుంది. "డాక్టరుగారు తప్పు రాశారంటారా?" అని ఎవరైనా ముఖం చిట్లిస్తే, "రాయలేదు. రాయలేదని చూసుకుంటున్నానంతే," అంటుంది. వారంలో ఆరు రోజులు ఇదే వరస. ఆదివారం పొద్దున పదింటికి మాత్రం నాలుగు లావుపాటి తీగలున్న గిటారు భుజాన తగిలించుకుని రాక్ బ్యాండులో వాయించడానికి వెళ్తుంది.

బ్యాండు పేరు 'మరమ్మతులు'. ఆ పేరు కోసం ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు. పాటలు రాసి పాడేది లెక్కల టీచరు. ఆవిడ రోజంతా పిల్లల తప్పులు దిద్దుతుంది. డ్రమ్ములు కొట్టేది ప్లంబరు. గిటారు వాయించేది లిఫ్టు మెకానిక్కు. అతను నలుగురిలోకీ చిన్నవాడు, మాట కూడా చిన్నది. అక్క అతన్ని తమ్ముడూ అనే పిలుస్తుంది. అక్కది బేస్ గిటారు. అదేమిటని అడిగినవాళ్ళకి ఆమె చెప్పే జవాబు ఒక్కటే: "ఉన్నప్పుడు ఎవరికీ వినపడదు. లేకపోతే మాత్రం పాట జారిపోతుంది." ప్లంబరు గోడౌన్లో, ప్లాస్టిక్ పైపుల కట్టల మధ్య, నాలుగు కుర్చీలు వేసుకుని వీళ్ళు పధ్నాలుగేళ్ళుగా వాయిస్తున్నారు. పైపులు కూడా సన్నగా మోగుతుంటాయి. వాటికి జీతం లేదని ప్లంబరు జోకు. ఆ జోకు వయసూ పధ్నాలుగేళ్ళే.

ఇన్నేళ్ళలో మూడు ఆల్బములు తెచ్చారు. మొదటిది 'తడి గోడలు'. దాని నిండా కోపమే. ఎవరి మీద అని అడిగితే ఇప్పుడు టీచరుకే గుర్తు లేదు. రెండోది 'కొలతలు'. ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టు ఒద్దికగా ఉంటుంది, బ్యాండులో అక్క మాట బాగా చెల్లిన రోజులవి. మూడోది 'తాళంచెవి ఎక్కడ'. అలసిపోయినవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుని పాడుకున్నట్టుంటుంది, నన్నడిగితే మూడింట్లోకీ అదే మంచిది. కానీ నన్ను ఎవరూ అడగరు. ఈ మూడింటిలో కలిపి ఇరవై ఆరు పాటలు. వాటికోసం చెవి కోసుకునే అభిమానులు ఉన్నారు గానీ, అందరూ ఒక బస్సులో పడతారు. కొందరికి కిటికీ సీటు కూడా దొరుకుతుంది.

ఇరవై ఏడో పాట సంగతి వేరు. దాని పేరు 'మూడో అంతస్తు'. పదకొండేళ్ళ క్రితం, మొదటి ఆల్బముకీ రెండో ఆల్బముకీ నడుమ, ఒంటరిగా విడుదలైన పాట. మూడో అంతస్తు దగ్గర లిఫ్టు ఆగిపోతుంది. లోపల నలుగురుంటారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా అంకెల వైపే చూస్తుంటారు. కథ అంతే. పాట మొదట్లో బేస్ ఒక్కటే, ఏ తోడూ లేకుండా, ఎనిమిది దెబ్బలు వేస్తుంది: డుం, డుం డుం, డుం; మళ్ళీ డుం, డుం డుం, డుం. ఓ రేడియో ఆవిడ ఆ ఎనిమిది దెబ్బల్నీ తన కార్యక్రమానికి ముందు రోజూ వేయడం మొదలుపెట్టింది. ఆర్నెల్లు తిరిగేసరికి ఊరంతా అదే. బ్యాండు పేరు తెలియనివాళ్ళకి కూడా ఆ చప్పుడు తెలుసు. ఆఫీసుల్లో బల్లల మీద, బస్సుల్లో సీటు వెనకాల, ఖాళీగా ఉన్న వేళ్ళన్నీ దాన్నే కొట్టేవి.

ఇంత పేరొచ్చిన పాట ఏ ఆల్బమ్‌లోనూ లేదు. అభిమానులు దీనిమీద ఎన్ని సిద్ధాంతాలు లేవదీశారో లెక్కలేదు. రికార్డు కంపెనీతో తగాదా అని ఒకరు, ఒంటరితనం గురించిన పాటని ఒంటరిగానే ఉంచారని ఇంకొకరు. ఈ రెండోది విన్నప్పుడు టీచరు ఒక నిమిషం ఆలోచించి, "బాగుంది, మనకి తట్టలేదే," అంది.

అసలు సంగతి చాలా చిన్నది. మరమ్మతులలో ఒక రివాజు ఉంది. ఒక పాట ఆల్బములోకి రావాలంటే నలుగురూ ఔననాలి. ఒక్కరు కాదంటే కాదు. కాదన్నవాళ్ళని ఎందుకని అడగకూడదు. రెండో ఆల్బమప్పుడూ, మూడో ఆల్బమప్పుడూ 'మూడో అంతస్తు'ని కాదన్నది కళ్ళజోడక్క. ఎవరూ ఎందుకని అడగలేదు. సూత్రం కోసం అంత పేరున్న పాటని కూడా పక్కన పెట్టిందంటే ఎంత పట్టుదల మనిషో అని ప్లంబరు పదిమందికీ చెప్పుకున్నాడు.

సూత్రమూ లేదు, పాడూ లేదు. ఆ పాటలో బేస్ వాయించింది అక్క కాదు.

ఆ రోజు స్టూడియో దొరికింది మూడు గంటలే. మొదటి పది నిమిషాల్లోనే అక్క మూతి ముడుచుకుంది. "లిఫ్టు ఎక్కడమూ దిగడమూ మీద పాటా? పైగా ఇంత నత్తనడకా? ఇది నా చేత కాదు," అంది. టీచరు బతిమాలింది, ప్లంబరు నవ్వించబోయాడు, అది ఇంకా తప్పయింది. అక్క గిటారు సంచీలో పెట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది. తర్వాత తమ్ముడు, స్టూడియోలో మూలన పడున్న బేస్ తీసుకుని, దుమ్ము తుడిచి, ఒకే ఒక్కసారి వాయించాడు. అదే రికార్డు. అట్టలు అంతకుముందు వారమే అచ్చయిపోయాయి. ఎప్పటిలాగే నాలుగు పేర్లు, నాలుగు వాయిద్యాలు, బేస్ ఎదురుగా అక్క పేరు. ఆ తర్వాతి ఆదివారం అక్క గోడౌనుకి వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. ఆ రోజే టీచరు ఈ రివాజు పెట్టింది. ఇకమీదట కాదంటే కాదు, గొడవ వద్దు అని.

ఇలా ఒంటరిగా వచ్చే సింగిల్ అట్ట మీద పేర్లూ వాయిద్యాలే ఉంటాయి. ఆల్బమ్ అట్ట మీద మాత్రం ఏ పాటలో ఎవరు ఏం వాయించారో పాట పాటకీ విడిగా రాస్తారు, అదీ అక్కే రాస్తుంది. ఆమె చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. 'మూడో అంతస్తు' ఒంటరిగా ఉన్నంతకాలం దాని గురించి ఆమె ఏమీ రాయక్కర్లేదు. అదీ ఆ పట్టుదల వెనక ఉన్న కథ.

ఆ రోజునే బయట ఎవరితోనైనా చెప్పేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కానీ మధ్యలో అత్తగారు ఉన్నారు.

కోడలు ఆ గిటారుతో గడప దాటిన మొదటి ఆదివారం అత్తగారు అన్న మాట ఇది: "తీగలు పట్టుకు వేలాడే వయసా ఇది?" మూడేళ్ళపాటు ఆవిడకి ఆదివారం వస్తే తలనొప్పి వచ్చేది. అప్పుడు రేడియోలో ఈ ఎనిమిది దెబ్బలు వచ్చాయి. పక్కింటివాళ్ళు వచ్చి, "ఇది మీ కోడలిదట కదా!" అన్నారు. అత్తగారు ఒక్క క్షణం ఆగి, "మరి? మా కోడలిదే," అన్నారు. తలనొప్పి ఆ రోజుతో పోయింది. ఆదివారం పూట ఇల్లు తను చూసుకుంటానని కోడల్ని ఆవిడే బయటికి తరిమేవారు. ఫోనులో రింగుగా పెట్టించుకున్నారు. బంధువుల ఇంట్లో పెళ్ళి మాటల మధ్యలో ఫోను మోగితే వెంటనే ఎత్తేవారు కాదు, ఎనిమిది దెబ్బలూ అయ్యేదాకా ఆగి, చుట్టూ ఓసారి చూసి అప్పుడు ఎత్తేవారు. ఆ ఇంట్లో కళ్ళజోడక్కకి దక్కిన గౌరవమంతా తను వాయించని ఆ ఎనిమిది దెబ్బల మీదే నిలబడి ఉంది. ఈ సంగతి తలుచుకుంటే ఆమెకి ముద్ద దిగేది కాదు. దిగకపోయినా తినేది, ఎందుకంటే వడ్డించేది అత్తగారే.

ఇలా ఉండగా, ఒక చిన్న రికార్డు కంపెనీవాళ్ళు వచ్చారు. మరమ్మతుల పాటలన్నీ ఒకే పెట్టెలో తెస్తాం, లోపల ఒక చిన్న పుస్తకం పెడతాం, ప్రతి పాటకీ తారీఖూ, ఎవరు ఏం వాయించారూ, నాలుగు ముక్కలు ముచ్చటా ఉండాలి అన్నారు. పుస్తకం ఎవరు రాస్తారన్న ప్రశ్నే రాలేదు. ముగ్గురూ అక్క వైపు తిరిగారు.

రెండు రోజుల తర్వాత షాపుకి కాలేజీ అమ్మాయి ఒకతె కొత్త జోడు కోసం వచ్చింది. ఆ పూట అత్తగారు కూడా షాపులో ఉన్నారు; ఆవిడకి షాపులో కూర్చోవడం సరదా. అమ్మాయి గోడమీది బ్యాండు ఫొటో చూసి, "అయ్యో, మీరా!" అని లేచి నిలబడింది.

"ఆవిడే," అన్నారు అత్తగారు, కోడలు నోరు తెరిచేలోపే. "ఆ డుం డుం అంతా ఆవిడ చేతిదే."

"ఆ పాట వినే నేను బేస్ నేర్చుకుంటున్నానండీ," అంది అమ్మాయి. "రెండో చరణం మొదట్లో మీరు అరక్షణం ఆలస్యంగా దిగుతారు చూడండి, అక్కడ నాకు ప్రాణం లేచొస్తుంది. ఆ లిఫ్టు ఒక్కసారి జారినట్టు ఉంటుంది. వందసార్లు ప్రయత్నించాను, నాకు రావట్లేదు. స్టేజీ మీద మీరు కూడా అలా వాయించరు. ఎందుకండీ?"

ఎందుకంటే అది తమ్ముడి పొరపాటు. ఆ అరక్షణం అతను తడబడ్డాడు. రికార్డు విని పాట నేర్చుకున్న అక్క, తన అలవాటు ప్రకారం ఆ పావు పాయింటునీ సరిదిద్దేసింది. పదకొండేళ్ళుగా ప్రతి కచేరీలోనూ కరెక్టుగా వాయిస్తోంది.

"స్టేజీ మీద అలా కుదరదమ్మా," అని నీళ్ళు నమిలింది అక్క. ఆ తర్వాత ఆ అమ్మాయి కనుపాపల దూరం మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ వేరే అంకె వచ్చింది. జన్మలో అలా ఎప్పుడూ జరగలేదు.

నిజం రాసేయాలని అప్పుడు నిశ్చయించుకుంది. ఆదివారం గోడౌన్లో టీచరు ఒక్కో పాటా పెట్టెలో ఉండాలా అని వరసగా అడిగింది. ఇరవై ఆరు పాటలకీ ఇబ్బంది లేదు. "మూడో అంతస్తు?" అని అడిగి, అలవాటుగా కొట్టేయబోతూ పెన్ను కాగితం మీద పెట్టింది.

"ఔను," అంది అక్క.

ప్లంబరు చేతిలో కర్ర కింద పడింది. టీచరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "నాదీ ఔను. ప్లంబరుగారూ?"

"ఔను, ఔను, వెయ్యిసార్లు ఔను."

తమ్ముడు గిటారు తీగ సవరిస్తూ తల ఎత్తకుండా అన్నాడు. "కాదు."

పధ్నాలుగేళ్ళలో అతను దేనికీ కాదనలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు, రివాజు కదా. టీచరు కొట్టేసింది. అక్కకి ఇంటిదాకా నడిచినట్టే తెలియలేదు. వీడికి నా మీద కోపమనుకుంది. పదకొండేళ్ళు తన పనికి నేను దండలు వేయించుకుంటే చూస్తూ ఊరుకున్నాడు, ఇప్పుడు అబద్ధం పుస్తకంలోకి కూడా ఎక్కుతుందని అడ్డు పడ్డాడనుకుంది. న్యాయమే అనుకుంది. అయినా బాధ బాధే.

సోమవారం మధ్యాహ్నం షాపుకి తాళం వేసి వెతుక్కుంటూ వెళ్ళింది. ఏదో ఆఫీసు భవనంలో లిఫ్టు బాగు చేస్తున్నాడని చెప్పారు. లిఫ్టు పనిచేయడం లేదు కాబట్టి అయిదు అంతస్తులూ మెట్లెక్కింది. పైన తలుపు తెరిచి ఉంది, లిఫ్టు పెట్టె కాస్త కిందికి ఆగి ఉంది, దాని నెత్తిమీద నిలబడి తమ్ముడు నడుం దాకా కనిపిస్తున్నాడు. చేతినిండా గ్రీజు.

"అక్కా, నువ్వేంటి ఇక్కడ?"

"రివాజు తప్పడానికి వచ్చాను," అంది అక్క రొప్పుతూ. "ఎందుకు కాదన్నావు?"

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలే తుడుచుకున్నాడు. "పుస్తకంలో ఎవరు వాయించారో రాయాలిగా అక్కా. నా పేరు రాస్తే ఆ రెండో చరణం తప్పు నాదని ఊరందరికీ తెలిసిపోతుంది. ఇన్నాళ్ళూ నువ్వు కాదంటూ నన్ను కాపాడుకొచ్చావు. ఈసారి ఎందుకో మనసు మార్చుకున్నావు. నిన్ను అడగకూడదు కదా. అందుకని నేనే కాదన్నాను."

అక్క మెట్టుమీద కూలబడింది. "నేను నిన్ను కాపాడటమేంట్రా?"

"కాదా మరి? స్టేజీ మీద కూడా అక్కడ సరిచేసి వాయించేదానివి. నా పరువు కోసమేగా. ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో, థాంక్స్ అని."

అక్కకి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తే ఏ ముఖం పెట్టాలో తెలియక కొంగుతో తుడిచేసుకుంది. "ఒరే తమ్ముడూ, నేను కాదన్నది నా పరువు కోసంరా. నీది నాదని చెప్పుకు తిరుగుతున్నాను. మా అత్తగారైతే ఊరేగిస్తున్నారు. నీ తప్పంటున్నావే, దాన్ని వాయించడానికి ఒక పిల్ల వందసార్లు ప్రయత్నించి రాక కూర్చుంది. లిఫ్టు జారినట్టు ఉందట."

"జారినట్టా?" తమ్ముడు చాలాసేపు ఆ మాటే ఆలోచించాడు. "లిఫ్టు అలా జారకూడదక్కా. ప్రమాదం," అన్నాడు చివరికి. కానీ చెవులదాకా ఎర్రబడ్డాడు.

పదకొండేళ్ళు అక్క తన పరువుకి కాపలా కాసుకుంటే, అది తన కోసమేనని తమ్ముడు అనుకున్నాడు. ఎందుకని అడగని చోట తప్ప ఇలాంటిది ఎక్కడా జరగదు. వచ్చే ఆదివారం ఔనంటానని తమ్ముడు మాటిచ్చాడు. అక్క మెట్లు దిగుతుంటే, "అక్కా, మీ ఇంట్లో ఎలా చెప్తావ్?" అని పైనుంచి అరిచాడు.

ఆదివారం నలుగురూ ఔనన్నారు. ఆ తర్వాత పుస్తకం రాయడం వారం పట్టింది. 'మూడో అంతస్తు' పేజీ చివరికి ఉంచుకుంది. అక్కడ ఇలా రాసింది: "బేస్: మా గిటారు తమ్ముడు. అసలు మనిషి ఆ రోజు అలిగి వెళ్ళిపోయింది. పాట బాగోదంది. ఆమె పొరపడింది. రెండో చరణంలో వినిపించే ఆలస్యం తమ్ముడిది, దాన్ని ఎవరూ సరిదిద్దవద్దు." రాశాక రెండుసార్లు చదువుకుంది. ఒక్క అక్షరం కూడా మార్చాలనిపించలేదు.

కంపెనీకి పంపేముందు ఇంట్లో చెప్పాలి. ఆ పై ఆదివారం పొద్దున ప్రాక్టీసు మానేసింది. అత్తగారు హాల్లో కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. భర్త పేపరు చదువుతున్నాడు. అక్క ఎదురుగా నేలమీద కూర్చుని, చుట్టూ తిప్పకుండా, అలక దగ్గర్నుంచి మొదలుపెట్టి లిఫ్టు దాకా అంతా చెప్పేసింది. భర్త పేపరు దించలేదు గానీ పేజీ తిప్పడం మానేశాడు.

అత్తగారి చేతిలో కత్తి ఆగిపోయింది. "అంటే అది నీది కాదు."

"కాదత్తయ్యా."

"పెళ్ళిళ్ళలో, పేరంటాలలో, ఆస్పత్రిలో కూడా చెప్పుకున్నానే! అక్కడి నర్సు చేత చప్పట్లు కూడా కొట్టించాను."

"నా తప్పే."

"నీ తప్పే." అత్తగారి ముఖం చిన్నబోయింది. కోప్పడి నాలుగు దులిపేస్తే బాగుండేదనిపించింది అక్కకి. ఆవిడ దులపలేదు. తరిగిన ముక్కలన్నీ ఒక పక్కకి జరిపారు, మళ్ళీ ఇంకో పక్కకి జరిపారు. పదకొండేళ్ళలో దక్కిందంతా పోయిందని అక్కకి అర్థమైంది. లేవబోయింది.

"ఆగు," అన్నారు అత్తగారు. "మరి నువ్వు వాయించినవి ఏవి?"

"మిగతావన్నీ."

"అన్నీ అంటే?"

"ఇరవై ఆరు."

"ఇరవై ఆరా?" ఆవిడ కోడలి వైపు తేరిపార చూశారు. "పధ్నాలుగేళ్ళు ఇంట్లో ఉండి ఒక్కటి కూడా వినలేదు నేను. వినిపించాలని నీకూ తోచలేదు. వెయ్యి."

అక్క 'తడి గోడలు' పెట్టింది. టీచరు అరుపులకి అత్తగారు ముఖం చిట్లించారు, చెవులు మూసుకోలేదు. "ఇందులో నీ చప్పుడు ఏది? నాకు ఆ అరుపు తప్ప ఏదీ వినపడట్లేదు," అన్నారు. అక్క ఆవిడ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, అరచేతి మీద తన వేలితో, పాటలో బేస్ పడిన చోటల్లా కొట్టి చూపించింది. కాసేపటికి అత్తగారు కళ్ళు మూసుకున్నారు. మూడో పాటకి, కోడలి వేలు ఆగినప్పుడు కూడా ఆవిడ బొటనవేలు సరిగ్గా పడాల్సిన చోటే పడింది. పాట అయిపోగానే, "తర్వాతది," అన్నారు ఆవిడ కళ్ళు తెరవకుండానే.

తొమ్మిది పాటలయ్యాయి. రెండో ఆల్బము మొదలైంది. పన్నెండు దాటింది. కూరగాయలు అలాగే ఉన్నాయి. ఒక పాట మధ్యలో ఆవిడ చెయ్యెత్తి ఆపించి, "ఇది బాగుంది, మళ్ళీ వెయ్యి," అన్నారు. అది ఎవరూ అడగని పాట, పేరు 'గొడుగు', కచేరీల్లో కూడా వాయించడం మానేశారు. అక్క మళ్ళీ వేసింది. వేసి, తల పక్కకి తిప్పుకుని, ఈసారి బాహాటంగానే ఏడ్చింది.

"ఇంకా ఎన్నున్నాయి?" అని అడిగారు అత్తగారు అది అయ్యాక.

"పదిహేనత్తయ్యా."

"ఒరేయ్, ఆ పేపరు మడిచి వంట సంగతి చూడు," అన్నారు ఆవిడ కొడుకుతో. "ఆ పదిహేనూ వినిగానీ మేం లేవం."